మోత దారిలో మొదలైన పరుగు: మీరా రాయ్ జీవితం

2015 జూన్ 26న ఫ్రాన్స్ దేశంలోని షామొనీ పట్టణంలో 80 కిలోమీటర్ల కొండదారి పరుగు పోటీ జరిగింది. ఆల్ప్స్ పర్వతాల్లో అన్నిటికంటే ఎత్తైన మోంట్ బ్లాంక్ శిఖరం ఆ ఊరి నెత్తి మీదే ఉంటుంది. ఆ రోజు మహిళల్లో అందరికంటే ముందు గీత దాటిన అమ్మాయి నేపాల్ కొండల నుంచి వచ్చింది. ఆమె పేరు మీరా రాయ్. తీసుకున్న సమయం 12 గంటల 32 నిమిషాలు. అంతకు పదిహేను నెలల ముందు వరకు ఇలాంటి ఆట ఒకటి ఉందనే ఆమెకు తెలియదు.

మీరా రాయ్ నేపాల్ తూర్పు కొండల్లోని రాయ్ తెగ ఆడపిల్ల. రాయ్, లింబు వంటి తెగలను కలిపి కిరాత ప్రజలు అంటారు. 2002లో నేపాల్ ప్రభుత్వం చట్టం చేసి 59 సమూహాలను ఆదివాసీ జనజాతులుగా గుర్తించింది. వాటిలో రాయ్ ఒకటి. అంటే మీరా మనలాంటి పిల్లే. మాట వేరు, కొండ వేరు, కథలో చాలా భాగం మాత్రం మనదే.

ఈ సంచికకు ఆమె గురించి రాయాలనుకోవడానికి ఒక కారణం ఉంది. స్పోర్ట్స్ మీట్‌లో మన పిల్లలు మెడల్ తెచ్చిన ప్రతిసారీ వినపడే మాట ఒకటుంది. "కొండ పిల్లలు కదా, పరుగు వాళ్ల రక్తంలోనే ఉంటుంది" అంటారు. వినడానికి మెప్పులాగే ఉంటుంది. కానీ ఆ మాటలో పిల్ల పడిన కష్టం లెక్కలోకి రాదు. ఆమెకు అందాల్సిన తిండి, బూట్లు, శిక్షణ కూడా లెక్కలోకి రావు. రక్తంలోనే ఉన్నప్పుడు వేరే ఏర్పాటు ఎందుకు అనుకుంటారు. మీరా చరిత్ర చదివితే ఆ మాట ఎంతవరకు నిజమో, ఎక్కడ తప్పుతుందో మనకే తెలుస్తుంది.

కొండదారి పరుగు అంటే ఏమిటి?

మైదానంలో పరుగు ఒకటి, తారు రోడ్డు మీద పరుగు ఒకటి. ఈ రెండూ కాకుండా అడవిలో, కొండల మీద, కాలిబాటల వెంట చేసే పరుగును ట్రైల్ రన్నింగ్ అంటారు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన పరుగు అల్ట్రా. ఇందులో దూరం ఒక్కటే లెక్క కాదు, ఎంత ఎత్తు ఎక్కారన్నదీ లెక్కే. మోంట్ బ్లాంక్ 80 కిలోమీటర్ల పోటీలో ఎక్కుడంతా కలిపితే సుమారు 6,000 మీటర్లు. మన పాడేరు వైపు ఉన్న అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లు. సముద్రం ఒడ్డు నుంచి అర్మకొండ కొసకు మూడున్నరసార్లు ఎక్కితే ఎంతో, ఆమె ఒక్క రోజులో అంత ఎక్కింది. ఎక్కినంతా దిగింది కూడా. ఎక్కేటప్పుడు ఊపిరి అలిసిపోతుంది, దిగేటప్పుడు తొడలు, మోకాళ్లు అలిసిపోతాయి. రాళ్ల దారిలో కాలు ఎక్కడ వేయాలో కన్ను ముందే చూసుకోవాలి. నీళ్లు, తిండి, వానకోటు వీపున మోసుకుంటూ గంటల తరబడి సాగాలి.

కొండ ఊళ్లో పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. సంతకూ బడికీ నీళ్లకూ వెళ్లే దారి అదే. కొత్త విషయమల్లా ఆ నడకకు సమయం కొలవడం, గెలిచినవాళ్ల పేరు రాసిపెట్టడం.

ఆ బాటల మీద ఎవరి బరువు?

మీరా కంటే ముందు ఆ తూర్పు కొండల బాటల మీద తరాల తరబడి నడిచినవాళ్లున్నారు. వాళ్లు ఎవరి కోసం నడిచారో చూడాలి.

18వ శతాబ్దం చివరి భాగంలో గోర్ఖా రాజులు కిరాత ప్రాంతాలను గెలుచుకున్నారు. అక్కడ కిపట్ అనే ఉమ్మడి భూమి పద్ధతి ఉండేది. భూమి తెగది, బయటివాళ్లకు అమ్మడానికి వీల్లేదు. అయితే రాజ్యం మెల్లమెల్లగా ఆ హక్కులను కత్తిరిస్తూ వచ్చింది. అప్పుల కింద పొలాలు తాకట్టుకు పోయాయి. 1960ల భూసంస్కరణలతో కిపట్‌కున్న ప్రత్యేక రక్షణ కూడా పోయింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1970లో, మన దగ్గర గిరిజన భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 నిబంధన వచ్చింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చట్టం విలువ ఏమిటో అర్థమవుతుంది.

రాజ్యానికి కొండవాళ్ల భూమితోపాటు కాళ్లు కూడా కావలసి వచ్చాయి. రోడ్లు లేని దేశంలో రాజు ఉత్తరాలు, మందుగుండు, సామాన్లు ఊరి నుంచి ఊరికి మనుషుల మీదే వెళ్లాలి. ఈ ఏర్పాటును హులాక్ అనేవారు. కాగితాలు మోసేవాళ్లు కాగతే హులాకీలు, నెత్తి మీద బరువులు మోసేవాళ్లు థాప్లే హులాకీలు. ప్రభుత్వం కూలి ఇవ్వకుండా చేయించుకునే పనిని ఝారా అనేవారు. మనం వెట్టి అంటాం. 1922లో మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో గూడెం వైపు రోడ్డు పనుల్లో చేయించిన వెట్టి ఒకటి అని మీరు చదివే ఉంటారు. మన దేశంలో కూడా బ్రిటిష్ కాలంలో చేత ఈటె, దానికి గజ్జెలు కట్టుకుని అడవి దారుల్లో తపాలా సంచి మోసిన రన్నర్లు ఉండేవారు. వాళ్లు ఎన్ని మైళ్లు పరుగెత్తారో, ఎంత వేగంగా పరుగెత్తారో ఎవరూ రాసిపెట్టలేదు. ఉత్తరం చేరిందా లేదా అన్నదే లెక్క.

తర్వాత సైన్యం వచ్చింది. 1815 నుంచి బ్రిటిష్‌వాళ్లు నేపాల్ కొండల యువకులను గూర్ఖా దళాల్లోకి తీసుకోవడం మొదలుపెట్టారు. కాలక్రమంలో తూర్పు కొండల రాయ్, లింబు యువకులు కూడా పెద్ద సంఖ్యలో చేరారు. ఇప్పటికీ బ్రిటిష్ గూర్ఖా ఎంపికలో ఒక పరీక్ష ఉంది. డోకో అనే వెదురు బుట్టలో 25 కిలోల బరువు పెట్టి, బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకుని, 5 కిలోమీటర్లు కొండ మీదికి పరుగెత్తాలి. ఇంట్లో అమ్మ కట్టెలు, గడ్డి మోసే బుట్టే అక్కడ ఉద్యోగ పరీక్ష అయింది.

ఆ తర్వాత పర్వతారోహకులు, పర్యాటకులు వచ్చారు, వాళ్ల సామాను మోయడం వచ్చింది. 2005లో సైన్స్ అనే ప్రసిద్ధ పత్రికలో నేపాల్ కూలీల మోత మీద ఒక అధ్యయనం వచ్చింది. మగ కూలీలు సగటున తమ శరీర బరువులో 93 శాతం, ఆడ కూలీలు 66 శాతం బరువు మోస్తున్నారని అందులో తేలింది. అంత బరువుతో నడిచినా వాళ్ల శరీరం మిగతావాళ్ల కంటే తక్కువ శక్తి ఖర్చు చేస్తోందని పరిశోధకులు ఆశ్చర్యపోయారు.

అంటే కొండవాళ్లకు సత్తా ఉందన్న సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. రాజుకు తెలుసు, దొరకు తెలుసు, పర్యాటకుడికి తెలుసు. అందరూ ఆ సత్తాను వాడుకున్నారు. మోసినవాడి పేరు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

బియ్యం బస్తాలు మోసిన పిల్ల

మీరా భోజ్‌పూర్ జిల్లాలోని ఒక కొండ ఊళ్లో పుట్టింది. ఐదుగురు పిల్లల్లో పెద్దది. పెద్ద కూతురంటే ఏమిటో మన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. నీళ్లు తేవాలి, పశువులను చూసుకోవాలి, చిన్నవాళ్లను ఎత్తుకోవాలి. దాదాపు 12 ఏళ్ల వయసులోనే ఆమె బడి ఆగిపోయింది. కుటుంబానికి ఆసరాగా బియ్యం బస్తాలు మోసుకుంటూ కొండలు ఎక్కి దిగి సంతకు తీసుకెళ్లేది.

ఆమె కాళ్లకు బలం వచ్చింది అక్కడే. తర్వాత ఆమె గురించి రాసిన ప్రతివారూ ఈ సంగతి గొప్పగా రాశారు. కానీ ఒక వార్డెన్‌గా నేను దాన్ని ఇంకోలా కూడా చదువుతాను. ఆ బస్తా ఆమెకు కాళ్లు ఇచ్చింది, బడిని తీసుకుపోయింది. అదే కొండల్లో, అవే బరువులు మోసిన వేలమంది ఆడపిల్లలకు కాళ్ల బలం వచ్చింది కానీ పతకం రాలేదు. కష్టం దానంతటదే మనిషిని పైకి తీసుకురాదు. ఎవరైనా మీ పేదరికాన్నే ఒక వరంలాగా వర్ణిస్తే ఈ లెక్క గుర్తుంచుకోండి.

యుద్ధంలోకి, యుద్ధం నుంచి

1996 నుంచి 2006 వరకు నేపాల్‌లో మావోయిస్టులకూ ప్రభుత్వానికీ మధ్య యుద్ధం సాగింది. దాదాపు 17,000 మంది చనిపోయారు. కొండ ఊళ్లు రెండు వైపుల తుపాకుల మధ్య నలిగాయి. 2003 ప్రాంతంలో, 14 ఏళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా మీరా ఆ దళంలో చేరిపోయింది.

ఎందుకు చేరింది? ఇది తీర్పు చెప్పి దాటేయవలసిన ప్రశ్న కాదు. బడి మానేసిన పిల్ల, రోజూ బస్తాలు మోస్తున్న పిల్ల. కడుపు నిండా తిండి ఉంటుందన్నారు. ఆడామగా సమానం అన్నారు. ఆ రెండూ చెప్పినవాళ్లు అంతకుముందు ఆ ఊరికి ఎవరూ రాలేదు. బడి, అన్నం, గౌరవం అందని చోట పిల్లలు ఏ వైపు వెళ్తారో వాళ్ల చేతుల్లో ఉండదు. ఏజెన్సీలో పెరిగిన మనకు ఇంతకంటే వివరించి చెప్పనవసరం లేదు. అయితే 14 ఏళ్ల పిల్ల ఉండవలసిన చోటు తుపాకుల మధ్య కాదన్నది కూడా అంతే నిజం.

ఆ దళంలో ఆమెకు పరుగు, కరాటే నేర్పారు. పరుగెత్తడం అనేది ఒక శిక్షణ అని, దానికొక క్రమం ఉంటుందని ఆమెకు మొదట తెలిసింది అక్కడే. 2006 నవంబరులో శాంతి ఒప్పందం కుదిరింది. దళ సభ్యులను శిబిరాల్లో ఉంచి ఐక్యరాజ్యసమితి లెక్క తీసింది. 2006 మే 25 నాటికి 18 ఏళ్లు నిండనివారిని మైనర్లుగా తేల్చింది. అలా 2,973 మంది పిల్లలు మైనర్లుగా నమోదయ్యారు. ఆలస్యంగా చేరినవారితో కలిపి మొత్తం 4,008 మందిని అనర్హులన్నారు. వీళ్లను 2010 తొలి నెలల్లో శిబిరాల నుంచి పంపేశారు. మైనరుగా చేరిన మీరాకు సైన్యంలో చోటు దొరకలేదు. చదువు మధ్యలో ఆగింది, చేతిలో పని లేదు. 20 ఏళ్లు దాటిన వయసులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఖాట్మండు చేరి ఒక కరాటే గురువు అండతో పరుగు సాధన కొనసాగించింది. రోడ్డు పరుగుల్లో పెద్దగా కలిసి రాలేదు. డబ్బు లేదు. నేపాల్ యువత చాలామంది చేసేదే తానూ చేద్దామనుకుంది. మలేషియాలో ఫ్యాక్టరీ పనికి వెళ్లే ఆలోచనలో పడింది. ఇంకొన్నాళ్లు ఆగమని గురువు నచ్చజెప్పాడు. ఆగింది.

ఏమీ తెలియకుండా 50 కిలోమీటర్లు

2014 మార్చిలో ఒకరోజు ఖాట్మండు శివార్ల కొండల్లో సాధన చేస్తుండగా ఆమెకు కొందరు పరుగువాళ్లు తారసపడ్డారు. మాతో పరుగెత్తడానికి రమ్మన్నారు. ఆమె వెళ్లింది. అది మామూలు సాధన కాదని, ఖాట్మండు లోయ అంచు కొండల మీద 50 కిలోమీటర్ల పోటీ అని ఆమెకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. కాళ్లకు చవక బూట్లు, ఒంటి మీద మామూలు బట్టలు. వెంట తిండి లేదు, నీళ్లు లేవు. పోటీలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. దారిలో వడగళ్ల వాన పడింది. కళ్లు తిరిగే స్థితి వచ్చింది. మధ్యలో ఆగి నూడుల్స్ తిని, పళ్లరసం తాగి ఓపిక తెచ్చుకుంది. మళ్లీ కదిలింది. సుమారు 9 గంటల్లో పోటీ ముగించింది.

ఈ ఘట్టాన్ని అందరూ సాహసంగా చెప్పుకుంటారు. నిజంగా సాహసమే. కానీ ఆ రోజు ఇంకొకటి జరిగింది. ఆమెను చూసినవాళ్లు "కొండపిల్ల, బాగా పరుగెత్తింది" అని చప్పట్లు కొట్టి ఇంటికి పోలేదు. ట్రైల్ రన్నింగ్ నేపాల్ నిర్వాహకుడు రిచర్డ్ బుల్, ఇంకా కొందరు ఆమెకు తోడు నిలిచారు. బూట్లు, తిండి, వసతి, ఇంగ్లిష్, పాస్‌పోర్టు, వీసా, టికెట్, ఇవన్నీ ఒక్కొక్కటిగా సమకూరాయి. ఆ వసంతంలోనే ముస్తాంగ్‌లో రోజుల తరబడి సాగే పోటీలో మహిళల్లో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆరు నెలలు తిరిగేసరికి, 2014 సెప్టెంబరులో, ఇటలీ వెళ్లింది. అక్కడ సెల్లారోండా అనే 57 కిలోమీటర్ల పోటీలో గెలిచింది. అదే నెలలో 83 కిలోమీటర్ల ఇంకో పోటీలోనూ గెలిచింది.

ఈ ఆరు నెలల్లో ఆమె రక్తం మారలేదు, కాళ్లు మారలేదు. చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే. సత్తా పదేళ్లుగా ఆమె దగ్గర ఉంది. దారి మాత్రం ఆరు నెలల్లో పడింది. ఆ పదేళ్ల ఆలస్యానికి ఆమె కారణం కాదు.

భూకంపం తర్వాత రెండు నెలలకు

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. కొండ చరియలు విరిగి ఊళ్లు మట్టిలో కలిశాయి. ప్రపంచం పత్రికల్లో నేపాల్ అంటే శిథిలాల బొమ్మలే. సరిగ్గా రెండు నెలల తర్వాత షామొనీలో మీరా గెలిచింది. ఆ గెలుపు కూలిన ఇల్లు ఒక్కటి కూడా నిలబెట్టలేదు, నిజమే. కానీ ఆ రోజుల్లో నేపాలీలు తమ దేశం పేరు చావుల లెక్కతో కాకుండా ఇంకోలా విన్నారు.

ఆ ఏడాది ఆమె స్కైరన్నర్ వరల్డ్ సిరీస్ అల్ట్రా విభాగంలో పాల్గొంది. వేర్వేరు దేశాల్లో జరిగే పోటీల ఫలితాలను కలిపి మొత్తం స్థానం లెక్కిస్తారు. స్వీడన్‌కు చెందిన ఎమిలీ ఫోర్స్‌బర్గ్ మొదటి స్థానం, మీరా రెండో స్థానం. ఎమిలీ లాంటి క్రీడాకారిణులు చిన్నప్పటి నుంచి మంచి ఆహారం, మంచి పరికరాలు, మంచి పోటీల మధ్య పెరిగినవాళ్లు. వాళ్ల పక్కన నిలబడడానికి మీరాకు దొరికిన సమయం ఏడాదిన్నర.

2016లో హాంకాంగ్‌కు చెందిన లాయిడ్ బెల్చర్ ఆమె జీవితం మీద 'మీరా' అనే డాక్యుమెంటరీ తీశారు. దాంతో ఆమె కథ చాలా దేశాలకు చేరింది. అదే ఏడాది ఆమె మోకాలి లిగమెంట్ తెగింది. కొండల్లో దిగుడు పరుగు చేసేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఆపరేషన్ చేయాలి, నెలల తరబడి వ్యాయామ చికిత్స చేయించుకోవాలి. బస్తా మోసే రోజుల్లో ఈ దెబ్బ తగిలుంటే ఏమయ్యేది? కుంటుతూనే మోసేది, లేదా మూలన కూర్చునేది. ఇప్పుడు వైద్యం అందింది, కోలుకునే సమయం దొరికింది. 2017లో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ ప్రజల ఓట్లతో ఆమెను ఆ ఏటి సాహసికురాలిగా ఎంపిక చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో స్కాట్లాండ్‌లో వంద కిలోమీటర్లకు పైబడిన బెన్ నెవిస్ అల్ట్రా పోటీలో ఆమె మహిళల్లో మొదటి స్థానంతో తిరిగి వచ్చింది.

ఊరికి తిరిగి వెళ్లిన దారి

పేరు వచ్చాక ఊరిని మరిచిపోవడం చాలా తేలిక. మీరా మొదటి గెలుపుల వేడి తగ్గకముందే, 2015లోనే, భోజ్‌పూర్‌లో సొంత ఊరి దారుల మీద పరుగు పోటీ పెట్టించింది. తాను బస్తాలు మోసిన కొండల మీద పిల్లలు నంబరు కట్టుకుని పరుగెత్తారు. ఆ దారుల్లో ఆడపిల్ల ఏ బరువూ లేకుండా పరుగెత్తడం చాలామంది పెద్దలు బహుశా అప్పుడే చూసి ఉంటారు.

ఆ తర్వాత మీరా రాయ్ ఇనిషియేటివ్ పేరుతో పల్లె ఆడపిల్లలకు శిక్షణ మొదలైంది. కొన్ని నెలల పాటు వాళ్లను ఖాట్మండులో ఉంచి పరుగు నేర్పిస్తారు. దాంతోపాటు ఇంగ్లిష్, ఇంకా బతుకుతెరువుకు పనికొచ్చే విద్యలు నేర్పిస్తారు. ఇక్కడ ఒకటి గమనించండి. పరుగులో అందరూ ప్రపంచస్థాయికి రారని ఆమెకు తెలుసు. పరుగు పదేళ్ల పాటు నడిచే పని. మోకాలు ఒక్కసారి దెబ్బ తింటే ఆ పదేళ్లు కూడా ఉండవు. అందుకే పరుగుతోపాటు చదువునీ పనినీ కలిపి పెట్టింది. తన చిన్నప్పుడు తనకు దొరకనివేవో, ఆలస్యంగా దొరికినవేవో, వాటి జాబితా రాసుకుని ఈ పిల్లలకు ముందే ఇస్తున్నట్టుంది.

అదే వసంతంలో మన పూర్ణ

మీరా మొదటి పోటీ 2014 మార్చిలో జరిగింది. సరిగ్గా రెండు నెలలకు, 2014 మే 25న, మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమె వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణది వ్యవసాయ కూలీలైన లంబాడా కుటుంబం.

ఈ ఇద్దరు ఆడపిల్లల కథలను పక్కపక్కన పెట్టి చూడండి. మీరాను కొండ మీద ఎవరో అనుకోకుండా చూశారు. ఆ రోజు ఆమె ఇంకో దారిలో సాధనకు వెళ్లుంటే? ఈపాటికి మలేషియాలో ఏ ఫ్యాక్టరీలోనో ఉండేది. పూర్ణ కథ అలా అదృష్టం మీద ఆధారపడలేదు. గురుకులంలో ఎంపిక జరిగింది. భువనగిరి బండ మీద మొదటి పాఠాలు, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ. బడి మానేయాల్సిన అవసరం రాలేదు. మీరాకు 20 ఏళ్లు దాటాక దొరికింది పూర్ణకు 13 ఏళ్లకే దొరికింది. ఇద్దరిలోనూ కొండంత సత్తా ఉంది. తేడా అంతా బడిలో ఉంది.

కొండ ఎక్కడం, పరుగెత్తడం పుట్టుకతో వచ్చేస్తాయని నమ్మేవాళ్లకు పూర్ణ శిక్షణ లెక్కే జవాబు. మైదానం ఊరి పిల్ల ఆమె. మంచు చూడకుండా పెరిగింది. నేర్చుకుని ఎక్కింది.

మనం చేయగలిగినవి

ఇది చదివే మీలో పరుగు మీద ఆశ ఉన్నవాళ్లుంటారు. మీకు నాలుగు మాటలు.

బడి మానకండి. పరుగు కోసం బడి వదలాలని చెప్పేవాళ్లను నమ్మకండి. మీరాకు బడి పోవడం వల్ల లాభం జరగలేదు, పదేళ్లు పోయాయి. హకీంపేట క్రీడా పాఠశాల, కిన్నెరసాని వంటి చోట్ల గిరిజన సంక్షేమ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. చదువూ ఆటా కలిసి నడిచే చోట్లు ఇవి. ఎంపికలు ఎప్పుడు జరుగుతాయో మీ పీఈటీ సార్‌ను, మేడమ్‌ను అడగండి. అడగడం తప్పు కాదు.

తిండి విషయంలో సిగ్గుపడకండి. సన్నబడాలని అన్నం మానేసే అమ్మాయిలను చూస్తుంటాను. రక్తహీనతతో ఏ పరుగూ సాగదు. గుడ్డు, పప్పు, ఆకుకూర, మన రాగి జావ వదలకండి. హాస్టల్లో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకోండి. నెలసరి రోజుల్లో నొప్పి ఉంటే చెప్పండి, దాచి పరుగెత్తకండి. నొప్పి వచ్చిన మోకాలి మీద ఇంకో పోటీ పరుగెత్తకండి.

ఎవరైనా మీ పరుగును వాడుకోవడానికి వస్తే రెండు ప్రశ్నలు వేయండి. ఈ పరుగు ఎవరి పేరు మీద ఉంటుంది? నేను దెబ్బ తింటే ఎవరు చూసుకుంటారు? హులాకీలకు ఈ ప్రశ్నలు అడిగే వీలు లేదు. మీకుంది.

నాలుగోది అందరికీ. మన ఇళ్లలో ఇప్పటికీ అవ్వలు, తాతలు ఉన్నారు. ఉప్పు కోసం, కిరోసిన్ కోసం ఎన్ని మైళ్లు నడిచేవారో, చింతపండు, కరక్కాయల కావడి ఏ సంతకు మోసేవారో, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో ఎన్ని గంటలు మోసి ఆస్పత్రికి చేర్చారో వాళ్లకు గుర్తుంది. ఈ సెలవుల్లో ఒక నోట్‌బుక్ తీసుకుని కూర్చోండి. మనిషి పేరు, ఊరు, బయల్దేరిన చోటు, చేరిన చోటు, మోసిన బరువు, పట్టిన సమయం, ఈ ఆరు గడులు గీసుకుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. మన భాషలోనే రాయండి. ఫోన్లో మాట రికార్డు చేసినా సరే. వచ్చే ఏడాది సంచికకు మీ హాస్టళ్ల నుంచి ఆ పట్టికలు పంపండి. పేరు పక్కన దూరం, సమయం రాసి వాళ్ల పరుగును కూడా చరిత్రలోకి ఎక్కిద్దాం.